మొదటిసారి ఆర్థో ఓటీలోకి (ఎముకల ఆపరేషన్ థియేటర్‌లోకి) వెళ్తున్నా, చూడ్డానికే. ఏం తెలుసుకుని వెళ్లాలి?

లక్ష్మీపురం_కుర్రోడు | సోమవారం, రాత్రి 9.40

నమస్తే అందరికీ. ఎంబీబీఎస్ మొదటేడు పరీక్షలు అయిపోయి గుంటూరు వచ్చా. నాన్న స్నేహితుడొకాయన విజయవాడ సూర్యారావుపేటలో ఆర్థో సర్జన్. "ఇంట్లో కూర్చుని ఫోన్ నొక్కుకునే బదులు నా వెంట తిరగరా, ఓపీ చూద్దువు, ఓటీ చూద్దువు" అన్నారు. గురువారం రెండు కేసులట. ఒకటి బైక్ యాక్సిడెంట్ కుర్రాడు, తొడ ఎముక నడిమధ్య విరిగింది, రాడ్డు వేస్తారు. రెండోది ఒక మామ్మగారు, బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి దగ్గర విరగ్గొట్టుకున్నారు.

డిసెక్షన్ హాల్లో ఫీమర్ (తొడ ఎముక) చేత్తో పట్టుకోవడం తప్ప నాకేం తెలీదు. ఏం చదివి వెళ్లాలి? ఎక్కడ నిలబడాలి? మధ్యలో డౌట్ వస్తే అడగొచ్చా? కళ్లు తిరిగి పడితే పరువు పోతుందేమోనని ఇంకో భయం. ఇవన్నీ సార్‌నే అడగాలంటే మొహమాటంగా ఉంది.


సిస్టర్_గవర్నర్‌పేట | సోమవారం, రాత్రి 10.05

బాబూ, ముందు పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తిని, నీళ్లు తాగి, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి అప్పుడు లోపలికి రా. ఖాళీ కడుపు పేషెంటుకి, నీకు కాదు. కడుపులో తిప్పుతుందేమోనని ఏమీ తినకుండా వచ్చినవాళ్లే నా కళ్ల ముందు ఎక్కువగా పడిపోయారు.

ఉంగరం, వాచీ, చేతికి కట్టిన దారాలు ఇంట్లో పెట్టిరా. గోళ్లు తీసుకో. చెప్పులు ఎర్రగీత అవతలే వదలాలి, లోపలి స్లిప్పర్లు వేరే ఉంటాయి. ఇంటి బట్టల మీద గౌను తొడుక్కుంటే కుదరదు, మొత్తం మార్చుకోవాలి. టోపీలోంచి జుట్టు బయటికి రాకూడదు. మాస్కు గడ్డం కింద వేలాడితే నేనే పైకి లాగుతా, ఎవరబ్బాయివని చూడను.

లోపలికొచ్చాక ఆకుపచ్చ బట్ట గానీ నీలం బట్ట గానీ పరిచి ఉందంటే అది నీది కాదు. దానికి అడుగు ఎడంగా ఉండు. ట్రాలీకీ టేబుల్‌కీ మధ్యలోంచి దూరొద్దు, చుట్టూ తిరిగి వెళ్లు. వెళ్లేటప్పుడు నీ ముఖం బట్ట వైపే ఉండాలి. వీపు పెట్టావంటే ఏం తగిలిందో నీకే తెలీదు.

తగిలిందా, అప్పటికప్పుడు నోరు తెరిచి చెప్పు. "సిస్టర్, నా మోచెయ్యి తగిలింది" అంటే తిడతా, బట్ట మారుస్తా, అయిపోతుంది. ఎవరూ చూళ్లేదు కదా అని ఊరుకుంటే అది ఆ మనిషి కాల్లో చీముగా తేలుతుంది. లోపల రాడ్డో ప్లేటో ఉన్నచోట చీము పట్టిందంటే మందులతో లొంగడం కష్టం. మళ్లీ కోసి కడగాలి, ఒక్కోసారి వేసిందే తీసెయ్యాలి.


నైట్‌డ్యూటీ_పీజీ | సోమవారం, రాత్రి 11.52

తమ్ముడూ, పెద్ద పుస్తకాలు తియ్యకు. నీకొచ్చిన అనాటమీనే తిరగెయ్. తొడ ఎముక నడిమధ్య విరిగితే పైముక్క ఎటు పోతుంది, కిందిముక్క ఎటు పోతుంది, ఎవరు లాగుతున్నారు? ఇలియోసోయాస్ అనే కండ పైముక్కని ముందుకి లేపుతుంది. పిరుదు కండలు, గ్లూటియస్ మీడియస్, మినిమస్, పక్కకి లాగుతాయి. వెనకున్న పొట్టి రొటేటర్లు బయటికి తిప్పుతాయి. కిందిముక్కని తొడ లోపలివైపు కండలు, అడక్టర్లు, లోపలికీ పైకీ గుంజుతాయి. కాలు పొట్టిగా, వంకరగా కనిపించేది అందుకే. వైవాలో బట్టీపట్టి అప్పజెప్పిన ఒరిజిన్, ఇన్సర్షన్‌లన్నీ (ఏ కండ ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో) ఆ టేబుల్ మీద పనిచేస్తూ కనిపిస్తాయి.

"చేతికి పుత్తూరు కట్టు కట్టించాం, బాగైంది, తొడకీ కట్టించొచ్చుగా" అని ఓపీలో అడుగుతుంటారు. పెద్దవాళ్ల తొడలో ఇంత కండ లాగుతుంటే పైనుంచి కట్టిన ఏ కట్టూ ఎముకని నిలబెట్టలేదు. అందుకే లోపల రాడ్డు.

ఇంకోటి. లోపలికి పోయేముందు ఎక్స్‌రే ముందు నిలబడు. ఎక్కడ విరిగింది, ఎన్ని ముక్కలు, ఎముక లోపలి కాలువ ఎంత వెడల్పుంది, నువ్వైతే ఎన్నో నంబరు రాడ్డు వేస్తావు, మనసులో అనుకో. ఏదో ఒకటి అనుకుని వెళ్తే ఓటీలో ఆపరేషన్ కనిపిస్తుంది. ఊరికే వెళ్తే నలుగురి వీపులు కనిపిస్తాయి.


మత్తు_డాక్టరమ్మ | మంగళవారం, ఉదయం 6.15

ఎక్కడ నిలబడాలంటే నా దగ్గర. పేషెంటు తల వైపు. అక్కడ స్టెరైల్ (క్రిములు లేని) బట్టలకి అవతల ఉంటావు, ఎక్స్‌రే స్క్రీన్ కనిపిస్తుంది, మానిటర్ కనిపిస్తుంది, మనిషి ముఖమూ కనిపిస్తుంది. సర్జన్ వెనక నిలబడితే మెడ నొప్పి తప్ప మిగిలేదేం లేదు.

కళ్లు తిరిగే సంగతి. మోకాళ్లు బిగబట్టి నిలబడితే రక్తం కాళ్లలోనే ఉండిపోతుంది. కాళ్ల వేళ్లు కదుపుతూ, బరువు ఈ కాలి నుంచి ఆ కాలికి మారుస్తూ ఉండు. చెమట పట్టి, చెవుల్లో గుయ్యిమని, చూపు మసకబారుతోందంటే మొహమాటపడకుండా రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకుని కింద కూర్చో. బయటికి పరిగెత్తబోకు, దారిలో పడి తల పగలగొట్టుకుంటావు. ఎట్టి పరిస్థితిలోనూ ముందుకి తూలకు. పరువు సంగతంటావా, ఈరోజు పేరున్న సర్జన్లలో మొదటిరోజు గోడకి కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

ఈ కేసులు వెన్నులో మత్తిచ్చే చేస్తారనుకుంటున్నా. పెద్దవాళ్లలో వెన్నుపాము ఒకటో, రెండో నడుము పూస దగ్గర ఆగిపోతుంది. సూది మూడూ నాలుగూ పూసల సందులో పెడతాం. అదీ చూడు, అదీ అనాటమీయే. నడుం కింద మొద్దుబారుతుంది గానీ మనిషి మెలకువగా ఉంటాడు. సుత్తి దెబ్బ, డ్రిల్ చప్పుడు, నీ మాటలు అన్నీ వింటాడు. "అమ్మో ఎంత రక్తం" లాంటివి మనసులోనే అనుకో. డౌట్లు కాగితం మీద రాసుకుని కుట్లు అయ్యాక అడుగు.


పటమట_పెద్దాయన | మంగళవారం, ఉదయం 8.30

డాక్టర్లు కాని మనిషి మాట కూడా ఒకటి వినండి. నాకు మోకాలు మార్చారు, వెన్నులో మత్తే. మేడమ్ గారు చెప్పినట్టు అన్నీ వినిపించాయి. తెర అవతల ఇద్దరు కుర్రాళ్ల గొంతులు. ఒకడు "ఇంత పెద్ద రంపమా సార్!" అన్నాడు. రెండోవాడు కిసుక్కున నవ్వాడు. నాకు కాలు తెలీడం లేదు, చేతులు రెండూ చాపి కట్టేశారు, వాళ్లెవరో తెలీదు. ఇంప్లాంట్ కంపెనీ వాళ్లేమో అనుకున్నా. తర్వాత అడిగితే స్టూడెంట్లన్నారు.

ఏ ఆసుపత్రో చెప్పను. ఆపరేషన్ బ్రహ్మాండంగా చేశారు, మూడంతస్తులు ఎక్కి దిగుతున్నా. కానీ ముందురోజు ఒక్కమాట "ఇద్దరు పిల్లలు చూస్తారండీ, మీకు అభ్యంతరమా" అని అడిగుంటే కాదనేవాణ్ణి కాదు. అడగలేదు. అదే నా కష్టం.


నరసరావుపేట_రిటైర్డ్ | మంగళవారం, మధ్యాహ్నం 1.10

పెద్దాయన గారూ, మీ బాధ అర్థమైంది, కానీ ప్రతిదానికీ సంతకాలంటే డాక్టర్లు ఎక్కణ్ణుంచి పుడతారు? మేం చదువుకునేటప్పుడు హౌస్ సర్జన్ కాకముందే రిట్రాక్టర్ (కోత అంచుల్ని పక్కకి లాగి పట్టే కొక్కెం) పట్టుకుని గంటలు నిలబడ్డాం. ఎవరూ ఎవర్నీ అడగలేదు, ఎవరూ చెడిపోలేదు.

ఈ కుర్రాడికి సీ-ఆర్మ్ (టేబుల్ దగ్గరే ఎక్స్‌రే చూపించే మిషన్) ఉంది, స్క్రీన్ ఉంది. మాకు అవేం లేవు. కె-నెయిల్ అనే రాడ్డు వేయాలంటే విరిగినచోట తొడ తెరవాల్సిందే. పైముక్కలోంచి గైడు వైరు (దారి చూపే సన్న తీగ) పిరుదు దాకా పొడుచుకుని పైకి తీసి, దాని మీదుగా పైనుంచి నెయిల్ కొట్టుకుంటూ దిగేవాళ్లం. జర్మనీలో క్యుంచర్ 1939లో మొదలుపెట్టిన రాడ్డు అది. అడ్డంగా కోసి చూస్తే మూడు రేకుల ఆకులా ఉంటుంది. స్క్రూలు లేవు కాబట్టి ముక్కలైన ఎముకలో కాలు పొట్టయ్యేది, తిరిగిపోయేది. కొందర్ని థామస్ స్ప్లింట్ (కాలిని పట్టి ఉంచే ఇనుప చట్రం) వేసి, కాలికి ఇటుకలు వేలాడదీసి నెలల తరబడి మంచం మీదే ఉంచేవాళ్లం. వార్డులో అందరికీ అందరి ఇటుకలెన్నో తెలిసేవి.


నైట్‌డ్యూటీ_పీజీ | మంగళవారం, మధ్యాహ్నం 2.25

మాస్టారూ, మీ ఇటుకల కథకి దండం. కానీ టీచింగ్ హాస్పిటల్‌కి వచ్చినవాళ్లకి అక్కడ పిల్లలుంటారని తెలుసు. ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రి, ఈ తమ్ముడు వాళ్ల స్టూడెంటు కాడు, పరిచయం మీద వస్తున్నాడు. రెండూ ఒకటి కావు. "ఎవరూ చెడిపోలేదు" అన్నది మనం అంటే సరిపోదు కదా సార్, పెద్దాయన గారి లాంటివాళ్లని ఎప్పుడైనా అడిగామా?


సిస్టర్_గవర్నర్‌పేట | మంగళవారం, మధ్యాహ్నం 3.00

సంతకాల దాకా ఎందుకు. కోసే ముందు టైమ్-అవుట్ ఉంటుందిగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు 2008లో తెచ్చిన చెక్‌లిస్టు, మొత్తం 19 అంశాలు. మత్తుకి ముందు కొన్ని, కోతకి ముందు కొన్ని, బయటికి తీసుకెళ్లే ముందు కొన్ని. కోతకి ముందు అందరూ చేతిలో పని ఆపి, ఎవరు ఏంటో పేరు చెప్పుకోవాలి. పేషెంటు పేరు, ఏ వైపు కాలు, ఏ ఆపరేషన్, యాంటీబయాటిక్ పడిందా. కొన్నిచోట్ల కాగితం మీద టిక్కులు పెట్టేసి చేతులు దులుపుకుంటారు. చేసేచోట మాత్రం ఆ కుర్రాడు కూడా "నేను ఫలానా, స్టూడెంటుని, చూడ్డానికి వచ్చా" అని గట్టిగా చెప్పాలి. పేషెంటు మెలకువగా ఉంటాడు కాబట్టి అతనికీ వినపడుతుంది.


పటమట_పెద్దాయన | మంగళవారం, సాయంత్రం 5.45

సిస్టర్ గారూ, అదీ మంచిదే. కానీ బట్టలు కప్పేసి, కత్తి పట్టుకున్నాక చెబితే "వద్దు" అనడానికి నోరొస్తుందా? ముందురోజు సాయంత్రం, కూర్చుని ఉన్నప్పుడు అడగాలి.


లక్ష్మీపురం_కుర్రోడు | మంగళవారం, రాత్రి 8.20

పెద్దాయన గారూ, మీరు రాసింది సార్‌కి ఫోన్‌లో చదివి వినిపించా (మీ పేరు, మీ ఊరు లేకుండా). కాసేపాగి, "రేపు సాయంత్రం రౌండ్స్‌కి రా, ఇద్దర్నీ నువ్వే అడుగు, కాదంటే బయట కూర్చుందువు" అన్నారు.


నీట్_నాన్న | మంగళవారం, రాత్రి 9.05

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయి బెంజ్ సర్కిల్ దగ్గర బైపీసీ రెండో సంవత్సరం. డాక్టరవ్వాలన్న ఆసక్తి పెరగడానికి ఇలా ఓటీ చూపించొచ్చా?


మత్తు_డాక్టరమ్మ | మంగళవారం, రాత్రి 9.30

వద్దండీ. మైనరు పిల్లని ఓటీలోకి తీసుకెళ్లడం ఆసుపత్రికీ తలనొప్పి, పేషెంటుకీ అన్యాయం. తెలిసిన డాక్టరుంటే ఓపీ బయట వెయిటింగ్ హాల్లో ఒక పూట కూర్చోబెట్టండి. డాక్టరు పనేంటో సగం అక్కడే తెలుస్తుంది.


సీఆర్మ్_బాబాయ్ | బుధవారం, ఉదయం 7.10

అందరూ బట్టల గురించే చెప్పారు, కంటికి కనపడని దాని సంగతి ఎవరూ చెప్పలేదు. నెయిలింగ్ (రాడ్డు వెయ్యడం) అంటే సీ-ఆర్మ్ ఆడుతూనే ఉంటుంది. అబ్బాయ్, లెడ్ ఏప్రాన్ ఇమ్మని అడుగు, ఇచ్చేదాకా లోపలికి రాకు. మెడకి థైరాయిడ్ కాలర్ కూడా. బరువుంటుంది, ఏసీలో కూడా చెమట పడుతుంది, అయినా తియ్యకు.

దూరమే మంచి మందు. అడుగు వెనక్కి వేసినా లాభమే. ఒక మీటరు దగ్గర పడేదాంట్లో రెండు మీటర్ల దగ్గర పడేది నాలుగో వంతు. ఎక్స్‌రే పేషెంటు ఒంటికి తగిలి చెదిరి మన మీద పడేది కిరణం బయల్దేరే ట్యూబు వైపే ఎక్కువ. అందుకే ట్యూబు కింద పెట్టి, పైన బొమ్మ పట్టే పెద్ద డబ్బా, ఇమేజ్ ఇంటెన్సిఫయర్, ఉంచుతాం. మిషన్ పక్కకి తిప్పి పక్కవాటం బొమ్మ తీసేటప్పుడు ట్యూబు ఎటుందో చూసుకుని, డబ్బా వైపు ఉండు.

అయిపోయాక ఏప్రాన్ మడిచి స్టూలు మీద పడేస్తారు కుర్ర డాక్టర్లు. మడిస్తే లోపలి లెడ్ పొర చీలుతుంది, బయటికి కనపడదు. హ్యాంగర్‌కి తగిలించు. ఈ ఒక్క పని చేసిన స్టూడెంటుకి నేను జీవితాంతం టీ ఇప్పిస్తా.


లక్ష్మీపురం_కుర్రోడు | గురువారం, రాత్రి 10.50

వెళ్లొచ్చా. పడలేదు.

బుధవారం సాయంత్రం ఇద్దర్నీ కలిశా. బైక్ కుర్రాడు నాకన్నా ఏడాదో రెండేళ్లో పెద్ద. "ఫోటోలు తియ్యవుగా?" అని ఒక్కటే అడిగాడు. మామ్మగారు తెనాలి మనిషి. ఆవిడ షరతు పెట్టారు: "చూస్తే చూడు గానీ నాయనా, నా తలకాడే ఉండి మాట్లాడుతూ ఉండు."

బయట ఎండ మండిపోతుంటే లోపల చలి. టైమ్-అవుట్‌లో నా పేరు చెప్పా, బైక్ అన్న బొటనవేలు పైకెత్తి చూపించాడు. ట్రాక్షన్ టేబుల్ మీద పాదాన్ని బూటులో బిగించి లాగారు. స్క్రీన్ మీద ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. లాగేకొద్దీ జారి ఎదురెదురుగా వచ్చాయి. పీజీ అన్న చెప్పింది అప్పుడు వెలిగింది. పైముక్కని పట్టిన కండల్ని బయటి నుంచి ఎవరూ ఆపలేరు, అందుకే సార్ పైముక్క ఎటుంటే అటే వదిలేసి, కిందిముక్కని దాని దారికి తెచ్చారు.

తొడంతా కోస్తారనుకున్నా. తుంటి పక్కన రెండంగుళాల కోత, అంతే. అక్కణ్ణుంచి ఎముకకి దారి చేసి గైడు వైరు దింపారు. విరిగినచోటు దాటడానికే ఎక్కువసేపు పట్టింది. వైరు కొస కాస్త వంచి, తిప్పుతూ, వెనక్కి లాగుతూ, మళ్లీ తోస్తూ. సార్ స్క్రీన్ వైపు చూస్తున్నది తక్కువ, ఎక్కువసేపు ఎటూ చూడకుండా చేత్తోనే వెతుకుతున్నారు. తర్వాత అడిగితే చెప్పారు: కాలువలో ఉంటే వైరు ఎముక గోడకి గీరుకుంటూ పోతుంది, కండలోకి తప్పితే మెత్తగా పోతుంది.

తర్వాత రీమర్లు, ఎముక కాలువని వెడల్పు చేసే డ్రిల్లులు. 8.5 నుంచి అర మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోయారు. మొదట్లో మోటారు చప్పుడు తప్ప ఏం లేదు. 10 దగ్గర గరగర మొదలైంది. సార్ తల తిప్పకుండానే "విన్నావా, ఇప్పుడు ఎముకని పట్టింది" అన్నారు. 11 దాకా వెళ్లి 10 రాడ్డు వేశారు. పొద్దున ఎక్స్‌రే ముందు నేను అనుకున్నదీ 10.

అర్థం కానిదొకటి. పైన స్క్రూలకి రాడ్డుకి తగిలించిన జిగ్ (కన్నం ఎక్కడుందో చూపే చట్రం) ఉంది, దాంట్లోంచి టకటకా వేసేశారు. మోకాలి దగ్గర స్క్రూలకి మాత్రం జిగ్ తీసేసి, సీ-ఆర్మ్‌ని అటు కాస్త ఇటు కాస్త తిప్పిస్తూ "ఇంకా గుండ్రంగా లేదు, ఇంకా గుండ్రంగా లేదు" అంటూనే ఉన్నారు. ఎందుకది?

మామ్మగారి ఆపరేషన్ నాకు దాదాపు కనపడలేదు. మాటిచ్చా కదా, తలకాడే ఉన్నా. సుత్తి చప్పుడుకి "పక్కన ఇల్లు కడుతున్నారా?" అన్నారు. మనవరాలి పెళ్లి, అల్లుడి చేపల చెరువు, తెనాలి కాలవ గట్టు, అన్నీ అయ్యాయి. బీపీ కొంచెం పడినప్పుడు మాత్రం మాట తగ్గించారు. మత్తు మేడమ్ మందు ఇచ్చాక మళ్లీ అల్లుడి దగ్గరికొచ్చారు.


నైట్‌డ్యూటీ_పీజీ | గురువారం, రాత్రి 11.40

మంచి ప్రశ్న. పొడుగు రాడ్డు ఎముకలోకి దిగేటప్పుడు ఎముక వంపుకి తగ్గట్టు కాస్త వంగుతుంది, తిరుగుతుంది. పైన బిగించిన జిగ్‌కి ఆ సంగతి తెలీదు. పై కన్నాలు దగ్గర కాబట్టి సరిపోతాయి, కింద కన్నాలు మిల్లీమీటర్లలో తప్పిపోతాయి. అందుకే చేత్తోనే.

మీ అమ్మ గాజులు రెండు ఒకదాని వెనక ఒకటి పట్టుకుని చూడు. సరిగ్గా ఎదురుగా చూస్తేనే రెండూ కలిసి ఒకటే గాజులా కనిపిస్తాయి, కాస్త పక్కనుంచి చూస్తే రెండు అంచులూ విడిపోయి కోలగా అవుతాయి. రాడ్డు కన్నానికీ ఈవైపో అంచు, ఆవైపో అంచు. స్క్రీన్ మీద నిండు గుండ్రం వచ్చిందంటే ఎక్స్‌రే కిరణం కన్నంలోంచి తిన్నగా దూరుతోందన్నమాట. ఇక డ్రిల్ కొస ఆ గుండ్రం నడిమధ్య పెట్టి, డ్రిల్‌ని కిరణం వెంబడే నిలబెడితే స్క్రూ దాంట్లోకే పోతుంది. చెప్పడం తేలికే. నేను మొదట్లో చేసేటప్పుడు సిస్టర్లు టీ తాగొచ్చేవాళ్లు.


నరసరావుపేట_రిటైర్డ్ | శుక్రవారం, ఉదయం 5.50

చేత్తో వైరు వెతకడం గమనించావు చూడు, అదీ చూపంటే. స్క్రీన్ పాడైనరోజు ఆ చెయ్యే దిక్కు.


మత్తు_డాక్టరమ్మ | శుక్రవారం, ఉదయం 6.30

రీమింగ్ గరగర వినేటప్పుడు అక్కడి మత్తు డాక్టర్లు దేన్ని చూస్తున్నారో గమనించావా? ఆక్సిజన్ అంకె. రీమర్ దూరేటప్పుడు కాలువలో ఒత్తిడి పెరిగి కొవ్వు రక్తంలోకి తోసుకుపోతుంది. ఎక్కువమందికి ఏమీ కాదు. కొందరికి అది ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటుంది. తొడ విరిగిన కుర్రాడు ఒకటి నుంచి మూడు రోజుల్లోపు ఆయాసపడుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా, చంకల్లో ఎర్రచుక్కలు కనిపించినా మేం ఉలిక్కిపడేది అందుకే. అసలు చర్మం చెక్కుచెదరకపోయినా తొడ విరిగితే లోపలే లీటరు, లీటరున్నర రక్తం పోతుంది. ఈరోజు రౌండ్స్‌లో ఆ అబ్బాయి హిమోగ్లోబిన్ ఎంతో కేస్ షీట్‌లో చూడు.

మామ్మగారి దగ్గర నువ్వు చేసినదానికి నా డ్యూటీలో ఒక ఇంజెక్షన్ మిగిలేది. మాటలు ఆడుతున్న మనిషికి నిద్రమందు తక్కువ పడుతుంది. ఆ వయసులో అది తక్కువ పడితేనే మంచిది.


లక్ష్మీపురం_కుర్రోడు | శుక్రవారం, రాత్రి 8.45

హిమోగ్లోబిన్ 8.6 ఉంది మేడమ్, ఒక యూనిట్ రక్తం ఎక్కిస్తున్నారు. మామ్మగారిని ఫిజియో మేడమ్ పొద్దున్నే మంచం అంచున కూర్చోబెట్టి, వాకర్‌తో నిలబెట్టారు. నిన్న ఆపరేషన్, ఈరోజు నిలబెట్టడమా అని కొడుకు గారు కంగారుపడ్డారు.

ఇప్పుడో చిక్కొచ్చింది. శనివారం మణికట్టుకి ప్లేటు వేసే కేసుంది. సార్ "స్క్రబ్ అయి (అంటే చేతులు కడిగి, స్టెరైల్ గౌను, గ్లవ్స్ వేసుకుని) పక్కన నిలబడతావా, పేషెంటు చెయ్యి పట్టుకుందువు" అన్నారు. చెప్పలేనంత ఆశగా ఉంది. ఏం చెయ్యను?


నరసరావుపేట_రిటైర్డ్ | శుక్రవారం, రాత్రి 9.00

ఇంకా అడుగుతున్నావా? వెళ్లు.


సిస్టర్_గవర్నర్‌పేట | శుక్రవారం, రాత్రి 9.20

సార్ గారూ, ఆ పిల్లాడు ఇంతవరకు చెయ్యి కడుక్కోవడం నేర్చుకోలేదు. వేళ్ల కొసల నుంచి మొదలుపెట్టి మోచేయి పైదాకా, వేళ్లు ఎప్పుడూ మోచేతికన్నా పైనే ఉండాలి, నీళ్లు మోచేతి మీదుగా కిందికి కారాలి, ట్యాపు చేత్తో కట్టకూడదు. తర్వాత గౌను బయటివైపు తాకకుండా తొడుక్కోవడం, గ్లవ్స్ వేసుకోవడం. సరిగ్గా రావడానికి మా ట్రైనీ పిల్లలకే వారాలు పడుతుంది. గౌను వేసుకున్నాక కూడా ఛాతీ నుంచి నడుం దాకా ముందు భాగమే స్టెరైల్, వీపు కాదు, చంకలు కాదు. తెలీక చేతులు కట్టుకుని చంకల్లో దాచుకుంటారు, ఏసీ చలికి.


నైట్‌డ్యూటీ_పీజీ | శుక్రవారం, రాత్రి 10.15

నేనూ సిస్టర్ పక్షమే, కారణం వేరు. నువ్వు ఆ ఆసుపత్రి స్టూడెంటువి కాదు, ఇంటర్న్‌వి కాదు. చూడ్డం వేరు, పేషెంటు ఒంటిమీద చెయ్యి వెయ్యడం వేరు. ఏదైనా తేడా వస్తే కేస్ షీట్‌లో నీ పేరుండదు, ఇరుక్కునేది మీ సార్. ప్రేమతో పిలిచాడాయన, ఆ ప్రేమని ఇరకాటంలో పెట్టకు. పెద్దాయన గారూ, మీరేమంటారు?


పటమట_పెద్దాయన | శనివారం, ఉదయం 6.40

చూస్తానంటే సరేనంటా. పట్టుకుంటానంటే నా చెయ్యి పట్టుకునేది ఎవరో, ఏం చదివాడో అడుగుతా. మొదటేడు అయిందంటే నవ్వి, "ఇంకో నాలుగేళ్లాగి రా బాబూ" అంటా.


లక్ష్మీపురం_కుర్రోడు | శనివారం, రాత్రి 9.30

స్క్రబ్ అవ్వలేదు. సార్‌కి చెబితే "అలాగే" అని, కేసంతా నా వైపు తిరిగి ప్రతి స్క్రూకీ పేరు పెట్టి చెప్పారు. ఆ అంకుల్‌కి చెయ్యికి మాత్రమే మత్తిచ్చారు, ఆయనా విన్నారు. మధ్యలో ఆయనే "ఎన్ని స్క్రూలు పడ్డాయి బాబూ?" అని నన్నడిగారు. డ్రిల్ ఎముక అవతలి గోడ దాటేటప్పుడు గొంతు మారుతుందని సార్ చెప్పాక మూడో స్క్రూ నుంచి నాకూ తెలిసింది.

మామ్మగారి ఎక్స్‌రే ఇప్పుడు నా దగ్గరుంది, సార్ "స్క్రూ కొస ఎక్కడుందో కొలువు" అని ఇంటికి పని ఇచ్చారు. ఫోటో ఇక్కడ పెట్టనా?


సిస్టర్_గవర్నర్‌పేట | శనివారం, రాత్రి 9.34

పెట్టకు. పేరు చెరిపినా పెట్టకు. ఆవిడ చూడమంది గానీ ఊరందరికీ చూపించమనలేదు.


నైట్‌డ్యూటీ_పీజీ | శనివారం, రాత్రి 10.20

అంకెలు రాయి చాలు. తొడ ఎముక తల గుండ్రం కొనకీ, తలలోకి పోయిన స్క్రూ కొసకీ మధ్య దూరం ముందువాటం ఫిల్మ్‌లో ఒకటి, పక్కవాటంలో ఒకటి కొలిచి రెండూ కలుపు. 25 మిల్లీమీటర్ల లోపుంటే స్క్రూ ఎముకని కోసుకుని బయటికి వచ్చే భయం తక్కువ. ముసలివాళ్ల మెత్తటి ఎముకలో ఇదే ప్రాణం. టిప్-అపెక్స్ దూరం అంటారు.


లక్ష్మీపురం_కుర్రోడు | ఆదివారం, ఉదయం 7.55

ముందువాటం 11, పక్కవాటం 13. మొత్తం 24. సరిపోయినట్టేగా అన్నా?


నైట్‌డ్యూటీ_పీజీ | ఆదివారం, మధ్యాహ్నం 12.10

స్కేలు పెట్టి నేరుగా కొలిచావా? ఫిల్మ్ మీద అన్నీ కాస్త పెద్దవిగా పడతాయి. అదే ఫిల్మ్‌లో స్క్రూ మందం కూడా కొలువు, దాని అసలు మందం ఎంతో ఇంప్లాంట్ స్టిక్కర్ మీద ఉంటుంది, కేస్ షీట్‌లో అతికిస్తారు. ఆ నిష్పత్తితో రెండు అంకెలూ తగ్గించి మళ్లీ కలుపు. సోమవారం సార్‌కి ఆ అంకె చెప్పు, 24 కాదు.